ర్యాపర్లకి ఈ రౌడీ బిల్డప్ ఎందుకు?

విభాగం: పాటలు, కబుర్లు

కృష్ణలంక_మూర్తి (శనివారం, రాత్రి 9:40)

మావాడు ఇంటర్ సెకండియర్. ఆరు నెలల నించి ర్యాప్ పిచ్చి పట్టింది. వింటే విన్నాడు, ఇప్పుడు రాయడం కూడా మొదలెట్టాడు. నిన్న ఫిజిక్స్ రఫ్ నోట్సు వెనక పేజీ నా కంటబడింది.

గన్ను నా జేబులో
కన్ను నీ గేటుపై
ఎన్నున్నా లెక్కలు తేలుస్తా

వీడు మా వీధి చివర కుక్కకి భయపడి ట్యూషన్‌కి రెండు సందులు చుట్టూ తిరిగి వెళ్తాడండి. జేబులో గన్ను!

వాడు చూసే అమెరికా వీడియోలు నేనూ నాలుగు చూశాను. మెడలో మోకుల్లాంటి గొలుసులు, చేతిలో నోట్ల కట్టలు, వెనక పదిమంది అనుచరులు. తిట్టడానికి అడగట్లేదు, నిజంగానే తెలుసుకోవాలని. బ్లూస్, జాజ్ కూడా ఆ నల్లజాతి పేటల నించి వచ్చినవే కదా. వాళ్ళు టై కట్టుకుని వాయించారు. దీనికే ఈ రౌడీ వేషం ఎందుకొచ్చింది? పుట్టుకతో వచ్చిందా, మధ్యలో ఎవరన్నా తగిలించారా?

పాతపాటలే_ముద్దు (రాత్రి 9:52)

రాగం రానివాళ్ళకి తాళం ఒక్కటే దిక్కు. తాళం కూడా నిలవకపోతే తుపాకీ. ఇందులో చర్చేముంది మూర్తిగారూ.

రికార్డుప్లేయర్ (రాత్రి 10:15)

ముద్దుగారూ, మీరు ప్రతి చర్చా దారంలోనూ ఇదే అంటారు, మేమూ ప్రతిసారీ నవ్వుకుని ముందుకెళ్తాం :)

మూర్తిగారూ, పుట్టుకతో వచ్చింది మాత్రం కాదండి. ర్యాప్ పుట్టినరోజుగా అందరూ చెప్పుకునేది 1973 ఆగస్టు 11. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1520 సెజ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంటు. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడి తెరిచేలోగా కొత్త బట్టలకి డబ్బులు కావాలని కింద హాల్లో పార్టీ పెట్టింది. వాళ్ళన్నయ్య కూల్ హెర్క్ రికార్డులు వేశాడు. అదీ ఆరంభం. ఆ తర్వాత ఐదారేళ్ళూ మైకు పట్టుకున్నవాళ్ళు చెప్పిందల్లా "చేతులెత్తండి, గంతులెయ్యండి" బాపతే.

ఇంకో తమాషా. అప్పటికి బ్రాంక్స్ నిండా ముఠాలున్నాయి, నిజం ముఠాలు. 1971లో ఒక ముఠావాళ్ళ శాంతిదూతనే కొట్టి చంపితే, పగ తీర్చుకోడానికి పోకుండా డిసెంబరులో హో అవెన్యూలో అందరూ కూర్చుని రాజీ కుదుర్చుకున్నారు. ఒకరి పేటలోకి ఒకరు భయం లేకుండా వెళ్ళి పార్టీలు చేసుకునే వీలు దాని వల్లే కలిగిందంటారు. అంటే ర్యాప్ పుట్టింది ముఠాలు కాస్త సద్దుమణిగాక.

టొరెన్స్_శీను (రాత్రి 11:30)

నేను లాస్ ఏంజెలెస్ పక్కన టొరెన్స్‌లో ఉంటా, ఇరవై ఏళ్ళయింది. కాంప్టన్ మా ఇంటి నుంచి ఇరవై నిమిషాలు, ట్రాఫిక్ లేకపోతే. (ట్రాఫిక్ లేకపోవడమనేది ఇక్కడ జరగదు, అది వేరే సంగతి.)

రికార్డుప్లేయర్ గారు చెప్పింది న్యూయార్క్ కథ. రౌడీ వేషం ఊపందుకుంది మా వైపు. ముందు అటు తూర్పున ఉన్న ఫిలడెల్ఫియాలో స్కూలీ డి అనే ర్యాపర్ 1985లో తన పేట ముఠా పేరు మీద పాట కట్టాడు. అది విని మా లాస్ ఏంజెలెస్ ర్యాపర్ ఐస్-టి 1986లో పొద్దున ఆరింటికి పోలీసులు తలుపు తట్టే పాట చేశాడు. 1988లో ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ బృందం వాళ్ళు కాంప్టన్ అనే ఊరి పేరు ప్రపంచమంతా మోగించారు.

ఎందుకు అప్పుడే, ఎందుకు ఇక్కడే అంటే, ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు చూసుకోవాలి. సౌత్ గేట్‌లో ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ 1980లో మూసేశారు. అక్కడే జనరల్ మోటార్స్ కార్ల ప్లాంటు 1982లో మూసేశారు. తండ్రులు యూనిఫాం వేసుకుని షిఫ్టుకెళ్ళిన ఊళ్ళో కొడుకులకి పని లేదు. సరిగ్గా అప్పుడే క్రాక్ వచ్చింది, అంటే కొకైన్‌ని వంటసోడాతో ఉడికించి చేసే చవక గడ్డ. 1986లో చట్టం చేశారు: పొడి కొకైన్ 500 గ్రాములతో దొరికితే ఎంత కనీస శిక్షో, క్రాక్ 5 గ్రాములకే అంత. ఐదేళ్ళు. పొడి వాడేది ఎవరో, గడ్డ అమ్ముకునేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. వందకి ఒకటి అనే ఆ తేడా 2010 దాకా నడిచింది. పోలీసులు సాయుధ వాహనానికి పొడుగాటి ఇనుప దూలం బిగించి, ఇళ్ళ గోడలు పొడుచుకుంటూ లోపలికి వచ్చేవాళ్ళు.

అలాంటి చోట పద్దెనిమిదేళ్ళ కుర్రాడు పాట రాస్తే అందులో వెన్నెల ఉంటుందా, గోడలోంచి దూసుకొచ్చిన దూలం ఉంటుందా?

పాతపాటలే_ముద్దు (రాత్రి 11:41)

పేదరికం మన దేశంలో లేదా? మనవాళ్ళు నాట్లు వేస్తూ పాడుకోలేదా? తుపాకులు పట్టుకుని పాడారా?

ఓరుగల్లు_పోరడు (ఆదివారం, ఉదయం 7:20)

ముద్దు సార్, తుపాకులు పట్టినోళ్ళ మీద పాడిన్రు గద!

మా దిక్కు సర్వాయి పాపన్న కథ ఇన్లేదా? కల్లు గీసేటోళ్ళ ఇంట్ల పుట్టిండు. ఖిలాషాపూర్ల కోట కట్టిండు. 1708ల ఓరుగల్లు మీద వడి దోసుకున్నడు. మొగలుల లెక్కల్ల దొంగ, దోపిడిగాడు. 1710ల పట్టుకొని సంపిన్రు. కని మా ఊర్ల ఎవరన్న పాడితె పాపన్న అంటె దొరల గుండెల్ల దడ. సర్కారు దొంగ అన్నోడే పాటల వీరుడైతడు. గిది ఒక్క అమెరికాల పుట్టిన బుద్ధి గాదు.

రికార్డుప్లేయర్ (ఉదయం 8:05)

> సర్కారు దొంగ అన్నోడే పాటల వీరుడైతడు

పోరడు తమ్ముడూ, భలే పట్టుకున్నావ్. అమెరికా నల్లవాళ్ళకీ అచ్చం అలాంటివాడొకడు ఉన్నాడు. 1895 క్రిస్మస్ రాత్రి సెయింట్ లూయిస్‌లోని ఒక సారాకొట్లో లీ షెల్టన్ అనే ఆయన, తన టోపీ లాక్కున్నాడని బిల్లీ లయన్స్‌ని కాల్చేశాడు. టోపీ గొడవండి, అంతే. అది పాటల్లోకెక్కి "స్టాగర్ లీ" అయి, వందేళ్ళు బ్లూస్ వాళ్ళూ, జానపదులూ అందరూ పాడారు. పాడేకొద్దీ అతను పెరిగిపోయాడు. కొన్ని పాటల్లో నరకానికి పోయి అక్కడి సైతానునే బెదరగొడతాడు.

మంగలి షాపుల్లో, జైళ్ళలో ప్రాసలు పేర్చి ఇలాంటి బడాయి కథలు చెప్పుకోవడం పాత అలవాటు. వాటిని టోస్టులంటారు. కాబట్టి మూర్తిగారి ప్రశ్నలో ఒక చిన్న దిద్దుబాటు: బ్లూస్ వాళ్ళు టై కట్టుకున్నా పాటలో కత్తి ఉండనే ఉంది. తెల్లవాళ్ళ కంట్రీ పాటల్లోనూ అంతే. జానీ క్యాష్ 1955లోనే, మనిషి చస్తుంటే చూద్దామని కాల్చానని పాడాడు. ఆయన జైలు శిక్ష ఎన్నడూ అనుభవించలేదు, ఏదో ఒకటీ అరా రాత్రి లాకప్పు తప్ప. ఎవరూ ఆయన్ని హంతకుడనుకోలేదు.

1999లో క్యారీ ఫ్రైడ్ అనే పరిశోధకురాలి వ్యాసం ఒకటి వచ్చింది. పోలీసుని కాల్చే ఒక పాత జానపద పాట మాటలు జనానికి చూపించి, కొందరికి ఇది ర్యాప్ అనీ, కొందరికి కంట్రీ అనీ చెప్పారు. అవే మాటలు. ర్యాప్ అనుకున్నవాళ్ళకి అవి ఎక్కువ ప్రమాదకరంగా కనిపించాయి.

కృష్ణలంక_మూర్తి (ఉదయం 9:10)

బాగుంది, నాకిదంతా కొత్త. కానీ ఒక ముడి విడలేదు. పేట కష్టం వల్లే ఆ పాట వచ్చిందంటే, ఆ కష్టం తెలియని కోటిమంది దాన్ని ఎందుకు కొన్నారు? మావాడి సంగతి చూడండి. వాడికి ఏ పోలీసూ తెలియదు, మా బావమరిది తప్ప.

టొరెన్స్_శీను (ఉదయం 10:02, ఇక్కడ రాత్రి)

అసలు ప్రశ్న ఇదే మూర్తిగారూ.

ఎన్.డబ్ల్యూ.ఏ. పాటల్ని రేడియోలు ముట్టుకోలేదు, ఎంటీవీ వీడియో వెయ్యనంది. 1989 ఆగస్టులో ఎఫ్‌బీఐ నుంచి ఒక పెద్ద అధికారి రికార్డు కంపెనీకి ఉత్తరమే రాశాడు, పోలీసుల మీద హింసని ప్రోత్సహిస్తున్నారని. దాంతో ఏమైంది? డబ్బు ఖర్చు లేని ప్రచారం. ప్రభుత్వం వద్దన్న సరుకు కుర్రాళ్ళకి ఎంత తీపో చెప్పాలా.

తర్వాత 1991 మేలో ఒక చిన్న మార్పు జరిగింది. అప్పటిదాకా ఆల్బంల అమ్మకాల వరస వేసే బిల్‌బోర్డ్ పత్రిక వాళ్ళు షాపులకి ఫోన్ చేసి "ఏవి బాగా పోతున్నాయి?" అని అడిగేవాళ్ళు. కౌంటర్లో కుర్రాడు తనకి తోచిన రాక్ బ్యాండు పేరు చెప్పేవాడు. ఆ మేలో సౌండ్‌స్కాన్ వచ్చింది, అంటే బార్‌కోడ్ గీసిన ప్రతి అమ్మకమూ లెక్కలోకి. జూన్‌లో ఎన్.డబ్ల్యూ.ఏ. రెండో ఆల్బం నేరుగా రెండో స్థానంలో దిగి, మరుసటి వారం ఒకటో స్థానానికి ఎక్కింది. కంపెనీవాళ్ళకి మతి పోయింది. శివారు మాల్స్‌లో తెల్లపిల్లలు దీన్ని ఎగబడి కొంటున్నారని అప్పుడు కళ్ళకి కట్టింది.

ఇక చూస్కోండి. డి లా సోల్ లాంటి వాళ్ళు 1989లో పూల బొమ్మ అట్ట వేసుకుని సరదా పాటలు చేశారు, అదీ అమ్ముడుపోయింది. కానీ పెట్టుబడి పెట్టేవాడు ఏది ఎక్కువ పోతుందో దానికే పెడతాడు. 1992లో డెత్ రో అనే రికార్డు కంపెనీ, పేరే చూడండి, మరణశిక్ష పడ్డవాళ్ళ వరస. దాన్నించి, ఎన్.డబ్ల్యూ.ఏ.లోంచి బయటికొచ్చిన డ్రే ఆల్బం వచ్చింది, అంతే. ఆ తర్వాత మైకు పట్టుకుని ఆఫీసుకొచ్చిన ప్రతి కుర్రాడినీ "నీ పేట ఏది, నీ కేసులేంటి" అని అడగడమే.

నా లెక్క ప్రకారం వేషం కుట్టింది పేట. దాన్నే యూనిఫాం చేసింది మార్కెట్.

కుందూ_గట్టు (ఉదయం 11:15)

శీనన్న చెప్పింది చదివినాక నాకు నా కథే గుర్తొచ్చింది. మాది నంద్యాల. ఫ్యాక్షన్ సినిమాల కాలం అది. సమరసింహారెడ్డి 1999లో, నరసింహనాయుడు 2001లో. ఆ ఏడే నేను కోస్తాలో ఇంజినీరింగ్ కాలేజీలో చేరినా.

హాస్టల్లో మొదటి రాత్రే అడిగినారు, "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని. మా నాయన పోస్టుమాస్టరు. మా ఇంట్లో ఉండేది స్టాంపులు. కానీ నేనేం చేసినా తెలుసా? చిన్నగా నవ్వి ఊరుకున్నా. అంతే, మరుసటి రోజు నుంచి మెస్సులో ముందు నాకే వడ్డించేటోళ్ళు. నేను మీసం పెంచినా. "మా వైపు మాటల్లుండవు" అని ఒకటి రెండు డైలాగులు వేసినా. ఎవరడిగినారు నన్ను వేషం వెయ్యమని? వాళ్ళే. వాళ్ళకి కావాల్సింది నేనిచ్చినా.

మూడో నెలలో సీనియర్లకి బయటోళ్ళతో గొడవైంది. రాత్రి పదకొండుకి వచ్చి తలుపు కొట్టి, "రెడ్డీ, నువ్వు ముందుండాల" అన్నారు. కాళ్ళు ఆడలేదు సామీ. పోకుంటే మూడు నెలల బిల్డప్ పోతుంది, పోతే పళ్ళు పోతాయి. పోయినా. ఎడమ చేతి మీద కుట్లు ఇప్పటికీ ఉన్నాయి.

పట్నంలో టికెట్ కొనుక్కుని చూసేటోడికి అది మూడు గంటల సినిమా. వేషం మోసేటోడికి అట్ల కాదు.

ఓరుగల్లు_పోరడు (ఉదయం 11:22)

అన్నా, గీ పోస్టుకు దండం. స్టాంపులు 😂

అట్లాంటా_అనూష (ఉదయం 11:58)

కుందూ అన్నయ్యా, మీరు చెప్పింది అచ్చం టుపాక్ అనే ర్యాపర్ కథ. టుపాక్ చదివింది బాల్టిమోర్ స్కూల్ ఫర్ ది ఆర్ట్స్. షేక్స్‌పియర్ నాటకాలు వేశాడు, బాలే ఆడాడు. వాళ్ళమ్మ అఫెనీ బ్లాక్ పాంథర్, అంటే ఆ పేరున్న నల్లజాతి ఉద్యమ పార్టీ మనిషి. కేసులో తన వాదన తనే వినిపించుకుని 1971లో నిర్దోషిగా బయటికొచ్చింది, నెల తిరిగేసరికి ఈయన పుట్టాడు. పుస్తకాలు చదివిన మనిషి. 1995లో జైల్లో ఉంటే డెత్ రో వాళ్ళు బెయిలు డబ్బు కట్టి తెచ్చుకున్నారు. ఆ మనుషుల మధ్య ఉండాలంటే వాళ్ళ పగలూ తనవే కావాలి. 1996 సెప్టెంబరు 7న లాస్ వేగాస్‌లో ఒక ముఠా కుర్రాడి మీద చెయ్యి చేసుకున్నాడు, అదే రాత్రి కాల్పులు జరిగాయి, 13న పోయాడు. పాతికేళ్ళు. ఆరు నెలలకి బిగ్గీ అనే ర్యాపర్ కూడా అలాగే పోయాడు, ఇరవై నాలుగేళ్ళు.

మరోవైపు రిక్ రాస్ అనే ర్యాపర్‌ని చూడండి. మత్తుమందుల సామ్రాజ్యం ఏలినట్టు పాడేవాడు, పేరు కూడా నిజం స్మగ్లర్ దగ్గర తీసుకున్నదే. 2008లో ఫొటో బయటపడింది: ఒకప్పుడు జైలు గార్డుగా పనిచేశాడు, యూనిఫాంలో! ముందు కాదన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. అందరూ పని అయిపోయిందనుకున్నారు. మరుసటి ఏడు ఆల్బం ఒకటో నంబరు. ఆ అసలు స్మగ్లర్ నా పేరు వాడుకున్నాడని కేసు వేస్తే, ఇది కళ, కల్పన, వాక్‌స్వాతంత్ర్యం అని కోర్టు ర్యాపర్ వైపే చెప్పింది.

పాడుతున్నది నిజమా కాదా అన్నది కొనేవాళ్ళకి పట్టలేదు.

పాతపాటలే_ముద్దు (మధ్యాహ్నం 12:30)

పోలీసుల్ని చంపమని పాడినాయనే తర్వాత టీవీ సీరియల్లో పోలీసు వేషం వేశాడని ఎక్కడో చదివాను. నిజమేనా? అయితే నవ్వొస్తోంది.

రికార్డుప్లేయర్ (మధ్యాహ్నం 12:48)

నిజమే, ఐస్-టి. 2000 నుంచి టీవీలో డిటెక్టివ్. ఇంకా నవ్వొచ్చేది చెప్తాను. 1992లో దేశమంతా గగ్గోలు పెట్టిన ఆ పోలీసు పాట అసలు ర్యాపే కాదు! తన హెవీ మెటల్ బ్యాండుతో చేసింది. గిటార్లు, అరుపులు. అయినా అందరూ దాన్ని ర్యాప్ పాట అనే తిట్టారు.

అట్లాంటా_అనూష (మధ్యాహ్నం 1:35)

కొనేవాళ్ళకి పట్టలేదన్నాను, కానీ ప్రాసిక్యూటర్లకి పట్టింది. మా ఊళ్ళో 2022 మేలో యంగ్ థగ్ అనే ర్యాపర్‌ని అరెస్టు చేశారు, ముఠా కేసు. అభియోగ పత్రంలో పాటల్లోని పంక్తులు పెట్టారు. విచారణ ఎంత సాగిందంటే జార్జియా చరిత్రలోనే అంత పొడుగు విచారణ లేదు. రోజూ ఆఫీసు క్యాంటీన్లో టీవీలో అదే. జడ్జీ ముందు లాయర్లు ర్యాప్ పంక్తుల్ని పొడి వచనంలా చదువుతుంటే వినాలి మీరు! ప్రాస పోయి నేరం మిగిలేది. 2024 అక్టోబరులో కొన్నిటికి నేరం ఒప్పుకుని ప్రొబేషన్ మీద బయటికొచ్చాడు. పూర్తి అమాయకుడని నేననను. కానీ జానీ క్యాష్ పంక్తిని ఏ కోర్టులో చదివారు? కాలిఫోర్నియాలో 2022లోనే చట్టం చేశారు, పాట మాటల్ని సాక్ష్యంగా తెచ్చే ముందు జడ్జీ జాగ్రత్తగా తూచాలని.

ఇంకొకటి, ఇక్కడ అందరూ మగవాళ్ళేనేమో ఎవరూ ఎత్తలేదు. ఈ వేషంలో ఆడవాళ్ళకిచ్చిన చోటు చూశారా? కారు, గొలుసు, తర్వాత ఆడది, సామాన్ల జాబితాలో. దీన్ని పేట కష్టం మీద తోసెయ్యడానికి నేనొప్పుకోను. గట్టిగా అడ్డుపడింది కూడా నల్లజాతి స్త్రీలే. మార్టిన్ లూథర్ కింగ్‌తో నడిచిన సి. డెలోరెస్ టకర్ గారు టైమ్ వార్నర్ కంపెనీ షేర్లు కొని, వాటాదారుల సమావేశంలో లేచి నిలబడి ఆ కంపెనీ పెద్దల్ని నిలదీశారు. 1995లో కంపెనీ, డెత్ రో పాటలు అమ్మే ఇంటర్‌స్కోప్‌లో తన వాటా అమ్మేసుకుంది. మరుసటేడు ఇంకో పెద్ద కంపెనీ దాన్ని కొనుక్కుంది. సరుకు మారలేదు, గోడౌన్ మారింది.

టొరెన్స్_శీను (మధ్యాహ్నం 2:10)

అనూష గారూ, తప్పు ఒప్పుకుంటున్నా. నేను కూడా కార్లో పిల్లలుంటే ఆ పాటలు దాటేస్తాను, కానీ ఎందుకు దాటేస్తున్నానో ఎప్పుడూ మాటల్లో పెట్టుకోలేదు.

వేషం ఒక్కటే దారి కాదని కూడా చెప్పాలి. 2007 సెప్టెంబరు 11న 50 సెంట్, కాన్యే వెస్ట్ అనే ఇద్దరు ర్యాపర్లు ఒకేరోజు ఆల్బంలు దింపారు. ఒకాయన తొమ్మిది తూటాలు తిని బతికినవాడు. రెండోవాడు ప్రొఫెసరమ్మ కొడుకు, పింక్ చొక్కాలు వేసేవాడు. మొదటి వారం కాన్యేవి 9,57,000 కాపీలు, 50 సెంట్‌వి 6,91,000 అమ్ముడుపోయాయి. అప్పట్లో ఇక రౌడీ ర్యాప్ పని అయిపోయిందన్నారు.

అవలేదు. 2012లో షికాగో నుంచి డ్రిల్ అనే కొత్త రకం రౌడీ ర్యాప్ వచ్చింది. ఈసారి రికార్డు కంపెనీ కూడా అక్కర్లేకపోయింది, ఫోనూ యూట్యూబూ చాలు. మధ్యలో దర్జీ లేడు, పిల్లలే కుట్టుకుని పిల్లలే వేసుకున్నారు. అందులో అడ్రసులు నిజం, పేర్లు నిజం, పగలు నిజం. 1988 కంటే అదే నాకు ఎక్కువ భయం.

నిర్వాహకుడు (మధ్యాహ్నం 2:30)

మధ్యలో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. హీరోల అభిమానుల గొడవకి వేరే విభాగం ఉంది. కొనసాగించండి.

కృష్ణలంక_మూర్తి (సాయంత్రం 6:45)

మావాడికి ఈ దారమంతా చదివించాను. ముందు ముఖం మాడ్చుకున్నాడు, నోట్సు చూశానని తెలిసింది కదా. కుందూ గారి దగ్గరికొచ్చేసరికి రెండుసార్లు చదివాడు. చివరికి అన్నాడు: "నాన్నా, వీళ్ళలో ఒక్కరూ పాట విన్నట్టు లేదు. అందరూ మాటల గురించే. ముందు బేస్ వినాలి."

నాకు జవాబు తెలియలేదు.

రికార్డుప్లేయర్ (సాయంత్రం 7:05)

చెంపదెబ్బ బాగా తగిలింది. పిల్లాడు కరెక్టు!

రోలండ్ అనే జపాన్ కంపెనీ 1980లో టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ తెచ్చింది. నిజం డ్రమ్ములా లేదని ఎవరూ మెచ్చుకోలేదు, 1983కి ఆపేశారు. దాంతో సెకండ్ హ్యాండ్‌లో చవకైపోయి పేద కుర్రాళ్ళ చేతికొచ్చింది. దాని కిక్, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, చెవికి కాదు, పొట్టకి వినిపిస్తుంది, కొట్టాక కూడా ఊఁ అని సాగుతుంది. లాస్ ఏంజెలెస్‌లో జనం నడవరు, కార్లలో తిరుగుతారు. డిక్కీ నిండా స్పీకర్లు. డ్రే ఏం చేశాడంటే వేగం తగ్గించి, ఫంక్ అనే పాత డాన్సు పాటల ఊపు తీసుకుని, పైన ఈలలాంటి సన్నటి సింథ్ కీబోర్డు మోత పెట్టాడు. మాట అర్థం కాకపోయినా పులి తీరిగ్గా నడిచొస్తున్నట్టుంటుంది. ఆ ధ్వనిలోనే బెదిరింపు ఉంది. దాని మీద పూల గురించి పాడినా రౌడీలాగే వినపడుతుందేమో.

కుందూ_గట్టు (సాయంత్రం 7:30)

అబ్బాయికి చెప్పండి సార్, వేషం వేస్తే వెయ్యమనండి, రాత్రి పదకొండుకి తలుపు కొట్టేటోళ్ళకి మాత్రం అడ్రసు చెప్పొద్దని.

కృష్ణలంక_మూర్తి (రాత్రి 8:50)

చెప్పాను. నవ్వాడు. సరే, అసలు గన్ను ఎందుకు రాశావురా అని అడిగానండి, ఇందాకే, అన్నం తినేటప్పుడు. "ముందు కన్ను వచ్చింది నాన్నా, దానికి ప్రాస కావాలి. పన్ను, వెన్ను, దున్ను అన్నీ పెట్టి చూశా. గన్ను ఒక్కటే బీట్ మీద పేలింది" అన్నాడు.

పాతపాటలే_ముద్దు (రాత్రి 9:04)

ఆగండి. గన్ను, కన్ను, ఎన్ను... మూడు పాదాల్లోనూ రెండో అక్షరం న్ను. ద్విత్వ నకార ప్రాస తప్పకుండా నిలబెట్టాడు కుర్రాడు. ఈమధ్య అచ్చయ్యే పద్యాల్లోనే ఇంత శ్రద్ధ లేదు. నాలుగో పాదం ఉందా? ఆ పేజీ ఫొటో పెట్టండి మూర్తిగారూ.

కృష్ణలంక_మూర్తి (రాత్రి 9:10)

అడిగానండి. నోట్సు దాచేశాడు.